బొబ్బకోతి జమాఖర్చులు

(హైదరాబాదులోని ఒక డిగ్రీ కళాశాలలో, జంతుశాస్త్ర విద్యార్థుల సభలో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

మైకు అందుతోందా వెనక వరసకి? సరే. ప్రిన్సిపాల్ గారు నన్ను మరీ ఎక్కువ పొగిడారు, ఆ బాకీ తర్వాత తీర్చుకుంటాను. ముందు ఒక చప్పుడు వినిపిస్తాను. ఏమిటో చెప్పను. ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపండి బాబూ.

(ఫోనులోని రికార్డింగు వినిపించారు. అరనిమిషం.)

ఏమిటది? పులి. ఇంకా? గాలివాన. ఊఁ. మూడో వరసలో అమ్మాయి, ఏమన్నావమ్మా? గట్టిగా చెప్పు. “మా తాతగారి గురక సార్.” (నవ్వులు) తాతగారిని ఒకసారి డాక్టరుకి చూపించండమ్మా.

పులి అన్నవాళ్లను నేను తప్పుపట్టను. ఈ గొంతు స్థాయి పులి గొంతుకు దగ్గరగానే ఉంటుందని కొలిచినవాళ్లే చెప్పారు. కానీ గొంతు యజమాని బరువు ఏడు కిలోలు. మీ వీధిలో తిరిగే కుక్క ఇంతకంటే బరువుంటుంది. చెట్టు కొమ్మ మీద తోక చుట్టుకుని, కాళ్లూ చేతులూ వేలాడేసి, రోజులో ముప్పాతిక భాగం పడుకునే ఒక కోతి అది. ఇంగ్లీషులో హౌలర్ మంకీ అంటారు.

తెలుగులో ఏమనాలి? ‘ఊళ కోతి’ అంటే నాకు రుచించదు. ఊళ నక్క వేస్తుంది. సన్నగా మొదలై పైకి సాగుతుంది. ఇది కింద నుంచి, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వస్తుంది. మన పెద్దవాళ్లు దీనికి మాట ఎప్పుడో చేసిపెట్టారు. సింహం బొబ్బరించింది అంటాం, పెడబొబ్బలు పెట్టాడు అంటాం. కాబట్టి ఈ పూట నేను దీన్ని బొబ్బకోతి అంటాను. మీరు మాత్రం పరీక్షలో అలా రాయకండి, మార్కులు పోతే నాకు సంబంధం లేదు. అక్కడివాళ్లకీ ఊరికో పేరు ఉంది. మెక్సికోలో సరగ్వాతో, కోస్టారికాలో కోంగో, బ్రెజిల్లో బుజీయో, అర్జెంటీనాలో కరయా. బెలీజ్‌లో అయితే ఏకంగా బబూన్ అంటారు. బబూనుకీ దీనికీ చుట్టరికం బహు దూరం, ఒకటి ఆఫ్రికాది, ఇది అమెరికాది. ఊళ్లో స్థిరపడ్డ పేరును మనం మార్చగలమా? దక్షిణ మెక్సికో నుంచి ఉత్తర అర్జెంటీనా దాకా ఎక్కడ వెచ్చటి అడవి ఉంటే అక్కడ ఈ కుటుంబం ఏదో ఒక రంగులో ఉంటుంది. నలుపు, గోధుమ, ఎరుపు. కరయాలో మగది నల్లన, ఆడది లేత పసుపు. ఒకే కొమ్మ మీద చూస్తే రెండు జాతులనుకుంటారు.

నేను దీన్ని పుస్తకంలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పి, రిటైరయ్యాక చూశాను. మా అమ్మాయీ అల్లుడూ పనామా వెళ్తూ నన్నూ రమ్మన్నారు. పనామా వెళ్లి తిరిగి ఇండియాలో దిగాలంటే పచ్చజ్వరం టీకా కార్డు ఉండాలి. యెల్లో ఫీవర్ అంటారే, అది. నారాయణగూడ వెళ్లి వేయించుకున్నాను. క్యూలో నా వెనకున్న కుర్రాడు “ఈ వయసులో ఆఫ్రికా ఉద్యోగమా అంకుల్?” అన్నాడు. కోతిని చూడటానికి పోతున్నానంటే నవ్వాడు. ఆ టీకా సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాను.

గంబోవా అని పనామా కాలువ ఒడ్డున చిన్న ఊరు. అక్కడ బస. తెల్లవారకముందే, ఇంకా చీకటిగా ఉండగానే మొదలైంది. మొదట ఒకటి, దగ్గు వచ్చినట్టు రెండు మూడు ముక్కలు. తర్వాత ఊపందుకుంది. కిటికీ అద్దం మీద చెయ్యి పెడితే అదురుతున్నట్టే అనిపించింది. మా అల్లుడు లేచి కూర్చుని “మామయ్యా, తలుపు వేశారా?” అన్నాడు. అమెరికాలో పెద్ద ఉద్యోగం చేస్తాడు పాపం. (నవ్వులు) ఒక గుంపు ఆపగానే దూరంగా ఇంకోటి అందుకుంది. ఇంకా దూరంగా మరోటి. ఐదు కిలోమీటర్ల దాకా వినబడుతుందని పుస్తకాల్లో రాస్తారు. అడవి దట్టంగా ఉంటే అంత పోదు, గాలినీ గుట్టల్నీ బట్టి ఉంటుంది. ఏమైనా మీ కాలేజీలో అరిస్తే పక్క నియోజకవర్గంలో వినబడుతుందనుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత చిన్న ప్రాణికి ఇంత గొంతెందుకు? కోపిష్టిదా? కాదు. ఆ రోజంతా చూశాను, అంత నెమ్మదైన కోతిని నేను మన దేశంలో చూడలేదు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ బొబ్బ పౌరుషం కాదు, పొదుపు. చాలీచాలని జీతం మీద సంసారం నడిపేవాడి పొదుపు.

ఆ లెక్క చెప్పడానికి ముందు ఒక దీవి గురించి చెప్పాలి. దీవి గురించి చెప్పాలంటే సికింద్రాబాదు నుంచి మొదలుపెట్టాలి. నవ్వకండి, నిజంగానే. బేగంపేటలో రొనాల్డ్ రాస్ పేరుతో పాత భవనం ఉంది కదా, ఎంతమంది చూశారు? ముగ్గురు. సిటీ బస్సులో పావుగంట ప్రయాణం, సిగ్గుపడాలి మనం. 1897 ఆగస్టు 20న ఆయన దోమ కడుపు కోసి అందులో మలేరియా క్రిమిని చూశాడు. పచ్చజ్వరానికి కూడా దోమే కారణమని క్యూబాలో కార్లోస్ ఫిన్లే అప్పటికే అంటున్నాడు. 1900లో వాల్టర్ రీడ్ బృందం దాన్ని రుజువు చేసింది. వీటికీ పనామాకీ సంబంధం ఏమిటంటే, అక్కడ కాలువ తవ్వబోయి ఫ్రెంచివాళ్లు 1889 నాటికి చేతులెత్తేశారు. ఇరవై వేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఈ రెండు జ్వరాలతోనే. 1904లో అమెరికావాళ్లు అందుకున్నప్పుడు గోర్గస్ అనే వైద్యాధికారి ముందు దోమ మీద యుద్ధం చేశాడు. నీళ్ల తొట్లకు మూతలు, గుంటలకు కిరసనాయిలు, కిటికీలకు జాలీలు. ఆ తర్వాతే కాలువ. 1914 ఆగస్టు 15న తెరిచారు. ఆ తారీకు మనకెలాగూ మరపురాదు.

కాలువ కోసం చాగ్రెస్ నదికి అడ్డంగా గాటూన్ దగ్గర ఆనకట్ట కట్టారు. శ్రీశైలం కడితే ఎన్ని ఊళ్లు మునిగాయో మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్తారు. అక్కడా అంతే, లోయ మొత్తం మునిగింది. ఒక కొండ శిఖరం మాత్రం నీళ్లపైన మిగిలి దీవి అయింది. బారో కొలరాడో దీవి. పదిహేను చదరపు కిలోమీటర్లు. 1923లో దాన్ని పరిశోధన కోసం కేటాయించారు, 1946 నుంచి స్మిత్‌సోనియన్ సంస్థ చూసుకుంటోంది. చుట్టూ నీళ్లు, మధ్యలో అడవి, అందులో మన కోతులు. ఇంతకంటే మంచి ప్రయోగశాల ఎవరూ కట్టలేరు.

1931 డిసెంబరులో క్లారెన్స్ రే కార్పెంటర్ అనే కుర్ర మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అక్కడికి వచ్చాడు. అంతకుముందు ఆయన చదివింది పావురాల మీద. అప్పట్లో కోతి ప్రవర్తన అంటే జూ బోనులో చూసి రాయడమే. బోనులో కోతి కొట్టుకుంటుంది, కొరుక్కుంటుంది. జైల్లో మనుషుల్ని చూసి మనిషి స్వభావం రాసినట్టు. కార్పెంటర్ బోను వదిలేసి చెట్ల కింద కూర్చున్నాడు. అడవి కోతి మీద ఓపిగ్గా, పద్ధతిగా చేసిన తొలి అధ్యయనాల్లో అదొకటి. గుంపులు లెక్కపెట్టాడు, 1932లో దీవి మొత్తం మీద సుమారు నాలుగు వందల కోతులున్నాయి. ఆయన్ని ఆకట్టుకున్నది ఏమిటంటే రెండు గుంపులు ఎదురుపడితే కలబడవు. ఎదురెదురుగా నిలబడి బొబ్బలు పెడతాయి. కాసేపటికి ఒకటి వెనక్కి తగ్గుతుంది. అయిపోయింది యుద్ధం. మొరిగే కుక్క కరవదు అని మనం ఎగతాళిగా అంటాం. ఇక్కడ అది పాటించాల్సిన చట్టం.

ఎందుకు కలబడవు? ఖర్చు. ఇప్పుడు లెక్కలోకి వద్దాం.

1970లలో కేథరిన్ మిల్టన్ అనే ఆవిడ అదే దీవిలో వీటి తిండి లెక్క రాసింది. సగానికి దగ్గరగా ఆకు, 48 శాతం. పండ్లు 42, మిగతాది పూలు. మేడి జాతి చెట్లంటే ప్రాణం. మన అడవిలో అంబాళం ఉంటుంది చూశారా, దాని వరసది ఒక పుల్లటి పండు అక్కడ రాలుతుంది, అదీ ఇష్టమే. కానీ పండ్లు ఏడాది పొడుగునా ఉండవు. లేనప్పుడు ఆకే దిక్కు. ఆకు ఎక్కడ చూసినా ఉంటుంది కదా, హాయి కదా అనుకుంటాం. ఆకులో పీచు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ. ఆదాయం రూపాయి, దాన్ని వసూలు చెయ్యడానికి అర్ధరూపాయి ఖర్చు.

మిల్టన్ అదే దీవిలో ఉండే సాలె కోతిని పక్కన పెట్టి పోల్చింది. స్పైడర్ మంకీ. రెండూ ఇంచుమించు ఒకే బరువు, ఒకే అడవి. సాలె కోతికి పండే ముఖ్యం, దాని తిండిలో 72 శాతం అదే. పెంపుడు కోతులకు పండులో చిన్న చిన్న రంగు ప్లాస్టిక్ ముక్కలు పెట్టి తినిపించి, అవి అటువైపు ఎప్పుడు బయటపడతాయా అని కాచుకు కూర్చుంది. (నవ్వులు) నవ్వండి, కానీ సైన్సు అంటే ఇదే, పరికరం కంటే ఓపిక ఎక్కువ కావాలి. సాలె కోతిలో నాలుగు గంటలు పట్టింది. బొబ్బకోతిలో ఇరవై గంటలు. తిన్నది రాత్రంతా పెద్దపేగులో పులుస్తుంది. మన దోసె పిండి పులిసినట్టే. అక్కడ ఉండే సూక్ష్మజీవులు పీచును విరగ్గొట్టి కొవ్వు ఆమ్లాలుగా మార్చి ఇస్తాయి. దాని రోజువారీ శక్తిలో మూడో వంతుకు దగ్గరగా ఆ పులియబెట్టడం వల్లే వస్తుందని ఆవిడ లెక్క. మన కొండముచ్చు కూడా ఆకు తింటుంది, కానీ దానికి ఆ పని ముందే, పొట్టలోనే జరుగుతుంది, ఆవుకి జరిగినట్టు. దీనికి చివర, గుర్రానికి జరిగినట్టు. సమస్య ఒకటే, దారులు రెండు. ఇది పరీక్షలో అడుగుతారు, రాసుకోండి.

ఇంకో అంకె చెప్తాను, నాకు చాలా ఇష్టమైనది. సాలె కోతి మెదడు 107 గ్రాములు. బొబ్బకోతిది 50. అంటే సగం. మెదడు దుబారా మనిషి లాంటిది, కూర్చోబెట్టి మేపాలి. పండు వెతుక్కునేవాడికి ఎక్కడ, ఏ నెలలో, ఏ చెట్టు పండుతుందో గుర్తుండాలి కాబట్టి సాలె కోతి ఆ ఖర్చు పెట్టుకుంది. ఆకు తినేవాడు అంత భరించలేడు. అలాగని తెలివితక్కువది అనకండి. ఎక్కడ కావాలో అక్కడ దాని తెలివి బాగానే పనిచేస్తుంది. ఎక్కడంటే చెప్తాను.

మీలో రైతు కుటుంబాల పిల్లలెంతమంది? చేతులెత్తండి. బాగుంది. గట్ల మీద గ్లైరిసిడియా వేస్తారు కదా, గిరిపుష్పం అంటారు వ్యవసాయ శాఖవాళ్లు. కొమ్మ గుచ్చితే చాలు బతుకుతుంది, పచ్చిరొట్టకి నరికి దుక్కిలో వేస్తాం. అది ఇక్కడి చెట్టు కాదు, మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చింది. అక్కడి పేరు ‘మతారతోన్’. అంటే ఎలుకల్ని చంపేది. లాటిన్ పేరు గ్లైరిసిడియాకి కూడా అర్థం అదే. దాని బెరడు, ఆకుతో ఎలుకల మందు చేస్తారు. కోస్టారికాలో లా పసీఫికా అనే ఎస్టేటులో కెనెత్ గ్లాండర్ అనే పరిశోధకుడు ఈ కోతుల వెంట నెలల తరబడి తిరిగి, ఏ చెట్టు ఆకు తిన్నాయో చెట్టు చెట్టుకీ నంబరు వేసి రాశాడు. ఆ ప్రదేశంలో ఈ చెట్లు దాదాపు నూటయాభై ఉన్నాయి. ముదురు ఆకు తిన్నది మూడంటే మూడు చెట్లవి! మిగతావాటి జోలికి పోలేదు. ఆకులు పరీక్ష చేయిస్తే వదిలేసిన చెట్లలో విషపదార్థాలున్నాయి, ఆ మూడింట్లో లేవు. జాతి ఒకటే, గట్టు ఒకటే, చెట్టుకీ చెట్టుకీ తేడా. మనకి తెలియదు, దానికి తెలుసు. యాభై గ్రాముల మెదడుతో.

వాటిని చూస్తే బాగా తెలుస్తుంది, తినేటప్పుడు ఎంత మర్యాదో. లేత ఆకైతే మొత్తం. ముదురాకు అయితే చాలాసార్లు తొడిమ దగ్గరి మెత్తటి భాగం కొరికి మిగతాది కింద పడేస్తుంది. లేత ఆకు ఎర్రగా ఉంటుంది కదా చాలా చెట్లకి, మన మామిడి చిగురులాగా. దాన్ని పచ్చటి గుబురులోంచి పట్టుకోవాలంటే ఎరుపు కనబడాలి. అమెరికా ఖండపు కోతుల్లో చాలావాటికి, మగవాటికి ముఖ్యంగా, ఎరుపు పచ్చల తేడా తెలియదు. బొబ్బకోతుల్లో ఆడా మగా అన్నింటికీ మనలాగే మూడు రంగుల చూపు ఉంది. ఒక జన్యువు జంట అయ్యింది ఎప్పుడో. 1996లో బయటపెట్టారు.

తోక గురించి ఒక్క మాట. చివర అడుగుభాగాన వెంట్రుకలుండవు, ఉత్త చర్మం, మన వేలిముద్రల్లాంటి గీతలు. అది ఐదో చెయ్యి. నిద్రలో కూడా పట్టు వదలదు.

సరే, గొంతు. మీ గడ్డం కింద, నాలుక మొదట్లో చిన్న ఎముక ఉంటుంది, హయాయిడ్. గుర్రపు నాడాలాగా ఉంటుంది మనకి. బొబ్బకోతిలో అది బోలు గిన్నె. మగదానికి మరీ పెద్దది. దవడ ఎముకలు కూడా దానికి చోటివ్వడానికి కిందికి వెడల్పుగా దిగాయి, అందుకే దాని ముఖం ఎప్పుడూ గడ్డం పెంచిన మునిలా గంభీరంగా కనబడుతుంది. గాలి ఆ గిన్నెలో తిరిగి మోగుతుంది. వీణకి బుర్ర ఉంటుంది కదా, బొబ్బిలి వీణ తీసుకోండి, పనసకర్రతో తొలిచిన కుండ, తీగ ఒక్కటే మోగితే ఎంత వినబడుతుంది? కుండ ఉంటేనే నాదం. ఇదీ అంతే.

2015లో జేకబ్ డన్ బృందం మ్యూజియాల్లోని ఈ ఎముకల్ని లేజరుతో కొలిచి తమాషా సంగతి చెప్పింది. కొన్ని జాతుల్లో గుంపుకి ఒక్క మగదే పెత్తనం. వాటిలో ఈ గిన్నె పెద్దది, వృషణాలు చిన్నవి. కొన్ని జాతుల్లో గుంపులో నాలుగైదు మగవి కలిసి బతుకుతాయి. అక్కడ గిన్నె చిన్నది, వృషణాలు పెద్దవి. రెండూ పెద్దవి ఉన్న జాతి లేదు. ఎందుకంటే మళ్లీ జీతం చాలదు. గొంతు మీద పెట్టినవాడికి అటు పెట్టడానికి మిగల్లేదు. ఎవడు గట్టిగా అరుస్తున్నాడో వాడి గురించి మనకేం తెలుస్తుందో నేను చెప్పను, రాజకీయ సభ కాదు ఇది. (నవ్వులు, చప్పట్లు)

ఇప్పుడు పొద్దున్నే ఎందుకు అరుస్తుందో అర్థమైందా? రాత్రంతా ఆకు పులిసింది. లేవగానే ఏ గుంపు ఎక్కడుందో తెలిస్తే ఆ వైపు పోకుండా ఉండొచ్చు. పోట్లాడక్కర్లేదు, గస్తీ తిరగక్కర్లేదు. మేం ఈ మేడిచెట్టు మీదున్నాం, మీరెక్కడ? అంతే దాని సారాంశం. మగది గిన్నె మోగించినా ఆడవి కూడా పక్కన సన్నగా గొంతు కలుపుతాయి. ఉరిమితే జవాబిస్తుంది, విమానం మోతకి జవాబిస్తుంది. తర్వాత మేత, ఆ తర్వాత నిద్ర.

నిద్ర లేచాక ఇంకో కార్యక్రమం. దీవిలో మా గైడు ఒకచోట ఆగి “ఈ చెట్టు కింద నిలబడకండి” అంది. మా అల్లుడు ఫోటో కోసం నిలబడ్డాడు. ఇరవై గంటలు దాచిపెట్టింది గుంపు మొత్తం కలిసి ఒకేసారి వదులుతాయి. చెప్పక్కర్లేదు మిగతాది. (నవ్వులు) కానీ ఆ గైడు చేసిన పని నాకు నచ్చింది. అల్లుడికి నీళ్లిచ్చి, మమ్మల్ని అక్కడే కూర్చోబెట్టింది. చూస్తుండగానే పేడపురుగులు దిగాయి. ఉండలు చేసి దొర్లించుకుపోయి పాతిపెడతాయి. లోపల గింజలుంటాయి. మెక్సికోలో లోస్ తూక్స్‌త్లాస్ అడవిలో ఈ కోతీ, పేడపురుగూ, చెట్టూ కలిసి అడవిని ఎలా నాటుతున్నాయో చాలా ఏళ్లు చూసి రాశారు. ఆ రోజు నుంచి మా అల్లుడు నేను అడవి నాటాను మామయ్యా అంటాడు.

కుటుంబం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆరు నెలల గర్భం, ఒక్క పిల్ల. అమ్మ పొట్టకి, తర్వాత వీపుకి. పెద్దయ్యాక చాలా కోతుల్లో ఆడపిల్లలు పుట్టింట్లోనే ఉండి మగవి వెళ్లిపోతాయి. వీటిలో ఇద్దరూ వెళ్లాలి. బయటి మగది వచ్చి పాత పెద్దను తరిమేస్తే చంటిపిల్లల్ని చంపడం కూడా ఉంది, వెనిజులాలో ఎర్ర బొబ్బకోతుల్లో చూశారు, మన కొండముచ్చుల్లో చూసినట్టే. కోస్టారికా కోతుల్లో గ్లాండర్ చూసిన మరో వింత ఉంది. అక్కడ పెద్దరికం వయసుతో రాదు. కొత్తగా వచ్చిన పడుచు ఆడది అందరికంటే పైన, ముసలివి కింద. అత్తగార్లెవరైనా సభలో ఉంటే క్షమించాలి.

ఇంకో బొబ్బ కూడా ఉంది వీటికి. పాపం మెడ చుట్టూ బొబ్బలు. బాట్ ఫ్లై అనే ఈగ పిల్ల చర్మం కింద చేరి పెరుగుతుంది. ఒక్కో కోతికి నాలుగైదు. బైనాక్యులర్లో చూశాను, మెడ దగ్గర ఉబ్బుగా. అది గోక్కోదు కూడా, ఊరికే కళ్లు మూసుకుని ఉంది. బలహీనపడ్డ కోతిని వానాకాలంలో ఇది చంపేస్తుంది కూడా. తక్కువ జీతం మీద బతికేవాడింటికి అప్పులవాడు వచ్చినట్టు.

ఇక టీకా కార్డు దగ్గరికి.

పచ్చజ్వరం అమెరికా ఖండానిది కాదు. ఆఫ్రికా నుంచి బానిసల ఓడల్లో, నీళ్ల పీపాల్లో దోమతో పాటు వచ్చింది. ఆఫ్రికా కోతులకి ఆ వైరస్‌తో వేల ఏళ్ల పరిచయం, సాధారణంగా తట్టుకుంటాయి. అమెరికా కోతులకి మూడు నాలుగు వందల ఏళ్లే. అందులో బొబ్బకోతి అందరికంటే సుకుమారం. కుట్టిన కొద్దిరోజులకే చెట్టు మీద నుంచి రాలిపోతుంది. గోర్గస్ ఊళ్లో దోమను ఓడించాడు కానీ అడవిలో, చెట్ల పైకప్పులో ఉండేది వేరే దోమ. హీమగోగస్ అంటారు, నీలంగా మెరుస్తుంది. దాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేదు. 1948లో పనామా నగరానికి కాస్త తూర్పున పకోరాలో మళ్లీ మనుషులు చచ్చిపోయారు. అక్కడ నుంచి ఆ జబ్బు అడవి అడవీ పట్టుకుని ఏళ్ల తరబడి ఉత్తరానికి నడిచింది. నికరాగ్వా, హోండురాస్, గ్వాటెమాలా. అది ఎటు పోతోందో మ్యాపులో గీయడానికి శాస్త్రజ్ఞులకి ఆధారం ఏమిటి? ఎక్కడ కోతులు రాలుతున్నాయి, ఎక్కడ పొద్దున బొబ్బ ఆగిపోయింది. బారో కొలరాడోలో 1951లో లెక్కపెడితే రెండు వందల నలభై మిగిలాయి. కార్పెంటర్ లెక్కలో సగం చిల్లర. ఆ తర్వాత పుంజుకుని వెయ్యి దాటాయి, అది వేరే సంగతి.

బ్రెజిల్లో 2016 చివర మొదలై 2018 దాకా మళ్లీ వచ్చింది. రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడు వందలమందికి పైగా పోయారు. గోధుమరంగు బొబ్బకోతులైతే కొన్ని అడవుల్లో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పుడు జనం ఏం చేశారో తెలుసా? కోతుల్ని కొట్టి చంపారు, విషం పెట్టారు. కోతే జ్వరం తెస్తోందని. కోతి తేదు, దోమ తెస్తుంది. కోతి మనకంటే ముందు చస్తుంది, అంతే. ఒక ఊరి అడవిలో కోతి చచ్చిందని తెలిస్తే మనుషులకి టీకాలు వెయ్యడానికి వ్యవధి దొరుకుతుంది. కోతిని చంపినవాడు పొగ వాసన పట్టేవాడి ముక్కు కోశాడు.

ఇదంతా ఎక్కడిదో అనుకోకండి. 1957లో మన పక్క కర్ణాటకలో, శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో, కొండముచ్చులు, కోతులు వరసగా రాలిపోయాయి. చుట్టుపక్కల ఊళ్లలో జ్వరాలు. దేశం మొత్తం ఉలిక్కిపడింది, పచ్చజ్వరం వచ్చేసిందేమోనని. ఎందుకంటే దాన్ని మోసే ఊరి దోమ మన దగ్గర దండిగా ఉంది, ఈడిస్, డెంగీ దోమ. పూణే వైరస్ పరిశోధనా కేంద్రంవాళ్లు పరీక్షించి, ఇది వేరే వైరస్, గోమార్ల వల్ల వస్తోందని తేల్చారు. పిడుదులంటారు కొన్ని జిల్లాల్లో. ఇప్పటికీ అక్కడ చచ్చిన కోతి కనబడితే ఆరోగ్య శాఖకి చెప్పమంటారు. విమానాశ్రయంలో నా పచ్చజ్వరం టీకా కార్డు అంత జాగ్రత్తగా చూసింది కూడా ఆ దోమ మన దగ్గర ఉండబట్టే. ఆ అధికారి రెండుసార్లు తిప్పి చూశాడు. నాకు విసుగు రాలేదు.

మంచి కబురు కూడా ఉంది. బెలీజ్ నది ఒడ్డున కొన్ని ఊళ్ల రైతులు 1985లో ఒక ఒప్పందానికొచ్చారు. రాబర్ట్ హార్విచ్ అనే ఆయన ఇంటింటికీ తిరిగి అడిగాడు. పొలం మీదే, ఎవరూ లాక్కోరు. నది ఒడ్డున చెట్ల వరస ఉంచండి, చేనుకీ చేనుకీ మధ్య ఒక పట్టీ వదలండి, కోతి తినే చెట్టు కొట్టకండి. కాగితం మీద సంతకాలు, ప్రమాణం తప్ప ఇంకేమీ లేదు. కోతులు పెరిగాయి. ఎంత పెరిగాయంటే 1992 నుంచి 94 దాకా అక్కడి నుంచి అరవై రెండింటిని పట్టి, అవి పూర్తిగా మాయమైన కాక్స్‌కోంబ్ అడవికి పంపారు. అక్కడివాటిని పచ్చజ్వరమూ, 1961 తుఫానూ కలిసి తుడిచేశాయి. ఇప్పుడు అక్కడ పొద్దున్నే మళ్లీ బొబ్బలు.

అంతలో కొత్త శత్రువు. 2024 మే నెలలో మెక్సికోలోని తబాస్కోలో ఎండ 45 డిగ్రీలు దాటింది. కోతులు చెట్ల మీద నుంచి మామిడికాయలు రాలినట్టు రాలాయి. వందకి పైగా చనిపోయాయి. ఊరివాళ్లు బకెట్లలో నీళ్లు, పండ్లు పట్టుకుని చెట్ల కింద తిరిగారు, కొన్నింటిని ఎత్తుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. మామూలుగా ఇది నీళ్లు తాగడం చూడటమే అరుదు, ఆకులోని తేమ దానికి చాలు. ఆకే వాడిపోతే?

ప్రశ్నలేమైనా? వెనక బాబు, లే. “సార్, మన కోతులు ఇళ్లలోకొచ్చి చపాతీలు ఎత్తుకుపోతాయి కదా, ఇవి ఎందుకు రావు?” మంచి ప్రశ్న. మన ఎర్రమూతి కోతికి ఏం పెట్టినా అరుగుతుంది. దీనికి నీ చపాతీ ఇస్తే లోపలున్న సూక్ష్మజీవుల సంసారం తలకిందులవుతుంది. జూలో పెంచడం కూడా కష్టమే. చెట్టుకీ చెట్టుకీ తేడా చూసి తినేదానికి, వంటింట్లో నువ్వు ఏం వండిపెడతావు?

టైమైందంటున్నారు. ఇందాకటి రికార్డింగే మళ్లీ పెడతాను, ఈసారి దగ్గరి గొంతు వదిలేయండి. పదిహేను సెకన్ల దగ్గర అది ఊపిరి తీసుకోవడానికి ఆగుతుంది. అప్పుడు వినండి, చాలా సన్నగా, చెరువు అవతలి నుంచి రైలు పోయినట్టు, ఇంకో గుంపు జవాబిస్తుంది. ఎంత దూరంలో ఉందో అంచనా వెయ్యండి. ఆ కొమ్మ మీది కోతి కూడా ఆ క్షణంలో చేస్తున్న పని అదే. ఫ్యాన్లు ఆపండి బాబూ.

(రికార్డింగు)